ఎదురుకొట్టు కుట్టు

దర్జీ పొద్దున్నే కొట్టు తెరిచి, మెడలో టేపు వేసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. పక్కవాడు బాగుండాలని కోరుకోమన్నది దేవుడి మాట. వీధిలో అందరి కోసమూ అడుగుతాడు గానీ, ఎదురుకొట్టు దర్జీ దగ్గరికి వచ్చేసరికి చటుక్కున దణ్ణం ముగించేస్తాడు. మిషను తొక్కుతున్నంతసేపూ చూపు ఆ గుమ్మం మీదే. అక్కడ ఎవరైనా మెట్టెక్కితే ఇక్కడ దారం తెగుతుంది. ఓ రోజు పోస్టుమాన్ ఒక కొత్త చొక్కా తెచ్చి బల్లమీద పడేశాడు.

"ఎదురుకొట్టులో కుట్టించాను. నెల తిరక్కుండానే చంకల్లో పట్టేస్తోంది. పాడుచేశాడు కదూ?"

ఈ మాట వినాలని దర్జీ రెండేళ్లుగా చెవులు రిక్కించుకుని ఉన్నాడు. ఆశగా చొక్కా తిరగేశాడు. కుట్టు చీమలబారులా సాగింది. వదులు చేసుకోవడానికి లోపల వేలెడు గుడ్డ కూడా వదిలి ఉంది. తనైనా అంత వదలడు. అవునందామని నోరు తెరిచాడు. అబద్ధమాడొద్దన్నదీ ఆ దేవుడే.

"కుట్టు బాగుంది," అన్నాడు చేదు మింగినట్టు. "నువ్వే ఒళ్ళు చేశావు. లోపల గుడ్డ ఉంది, వదులు చేసిస్తాడులే."

"అంత పనివాడా? అయితే ఇక మా ఇంటిల్లిపాది బట్టలూ అతనికే ఇస్తాను," అంటూ పోస్టుమాన్ తిన్నగా రోడ్డు దాటాడు.

దర్జీ పైకి చూశాడు.

"ఈ పూటకి నిజం చెప్పాను, చాలు. వాడు బాగుండాలనేది రేపు చూద్దాం."