మా మేనత్తకు ఏదీ వద్దనిపించిన రోజులు

మొన్న మంగళవారం పొద్దున మా మేనత్త పోయింది. ముదలియార్‌పేట నుంచి మామ ఫోన్ చేసి, "మీ అత్త ఇంక లేదమ్మా" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు చిరాకొచ్చింది. మూడేళ్లుగా ఆమె పేరు వింటే వచ్చే చిరాకే, అలవాటు కొద్దీ.

ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. వీధిలో ఎవరి జాకెట్టుకు చెయ్యి బిగుతో చూడకుండా చెప్పేది. నేను ఖాళీగా కనబడితే, "ఊరికే కూసుంటే కుర్చీకి గూడా విసుగొస్తాదే" అనేది.

అట్లాంటిది ఒకరోజు మిషన్ దగ్గర నుంచి లేచి, మళ్లీ దాని జోలికి పోలేదు. మతిమరుపు జబ్బన్నారు. మరుపైతే ఓర్చుకుందుము. ఈమెకు కాఫీ వద్దు, స్నానం వద్దు, మనుషులు వద్దు. పోనీ ఏడుస్తుందా అంటే అదీ లేదు.

"లెయ్యత్తా! ఈ మొండితనం యాడ నేర్చినావు?" అని అరిచేదాన్ని. నెమ్మదిగా నావైపు చూసేది. ఆ నెమ్మదికే నాకు ఒళ్లు మండేది.

ఒక డాక్టరు దిగులనుకుని మాత్రలిచ్చాడు. ఇంకా మబ్బుగా తయారైంది. ఇంకొకాయన మరుపుకు మందిచ్చాడు. వాంతులు. మూడో డాక్టరమ్మ మాత్రం కూర్చోబెట్టి చెప్పింది: "ఇది సోమరితనం కాదు, దిగులూ కాదు. లేవాలనే కోరికే పుట్టడం లేదు. దీనికని ఖాయమైన మందు లేదు. హుషారిచ్చే మాత్ర కొందరికి పనిచేస్తుంది, గుండెను కనిపెట్టుకుంటూ ఇచ్చి చూద్దాం."

ఆ మాత్ర మొదలెట్టిన రెండో వారంలో అత్త తనంతట తనే లేచింది. మామ లుంగీ చిరుగు చూసి, "ఏంది ఈ కర్మం? సూది ఇట్టా ఇయ్యి" అంది. మామ వంటింట్లోకి పోయి మొహం కడుక్కున్నాడు.

పది రోజులే ఆ భాగ్యం. తిండి మానేసింది, నిద్ర కరువైంది, గుండె దడ. డాక్టరమ్మ మాత్ర ఆపేయమంది. ఇంకొక్క వారం ఇద్దామని నేను పోట్లాడాను.

"పోనీలే తల్లీ, చాలు," అన్నాడు మామ. "కుట్టకపోతే మీ అత్త కాకుండా పోతాదా?"

నాకు ఆ మాటా నచ్చలేదు. ఆయన మాత్రం లెయ్యి, తాగు అని ఆమెను అడగడం మానేశాడు. గ్లాసు చేతికిచ్చి, తనూ పక్కన కూర్చుని తాగేవాడు. ఆయన్ను చూసి ఆమె తాగేది.

చివరిసారి మూలకుళంలోని మా ఇంటి నుంచి, అదే కోపంతో వాళ్లింటికి వెళ్లాను. మామ ఆమె వెనకాల నిలబడి తల దువ్వుతున్నాడు. చిక్కు పడినచోట దువ్వెన ఆపి, వేళ్లతో విడదీస్తున్నాడు. అత్త కళ్లు మూసుకుని, ఎవరూ చెప్పకుండానే, తలను కొంచెం ఆయన చేతివైపు వాల్చింది.