అత్త సామి, నా తాబేలు

తాబేలు అనగానే నీళ్ళలో పెట్టాలనుకుంటారు అందరూ. మేమూ అలాగే అనుకున్నాం. దాంతో దాని ప్రాణం తీసినంత పని చేశాం.

మా ఇంటాయన టాటానగర్‌లో రైల్వే గ్యాంగ్‌మన్. పర్సుడీహ్ వైపు క్వార్టరు. ఒక గది, ఒక వంటిల్లు, వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు. డెబ్బైల చివర్లో ఒక వానాకాలం, రెండు పట్టాల మధ్య పడి ఎటూ ఎక్కలేక తన్నుకుంటున్న తాబేలు ఒకటి ఆయన కంటబడింది. బండి వచ్చేలోపల ఎత్తి, అన్నం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాడు. అరచెయ్యంత ఉంది. డిప్ప మీద పొడుగ్గా మూడు గట్లు. ముట్టుకుంటే చాలు, తల లోపలికి లాక్కుని, ముందుకాళ్ళు అడ్డం పెట్టుకుని డబ్బాకి మూతేసినట్టు మూసేసుకునేది.

మా అత్త చూసి రెండు చేతులూ జోడించేసింది. ఆవిడ కన్నవారి ఊరు, సామి తాబేలు రూపంలో వెలసిన శ్రీకూర్మం పక్కనే. మోకాళ్ళు పట్టేసి, అటు వెళ్ళి చాలా ఏళ్ళయింది.

"నాను ఎల్లలేనని సామే బండెక్కి వచ్చీసినాడు," అంది.

"ఎక్కలేదమ్మా, బండి కింద పడబోనాడు," అన్నాడు కొడుకు.

"నోర్ముయ్యెదవా. ముందు కాళ్ళు కడుక్కో."

ఇక చూడండి. పూజమూలలో ఇత్తడి బేసిన్, దాని నిండా నీళ్ళు, అందులో తాబేలు. పొద్దున పాలు, మధ్యాహ్నం పప్పన్నం, శనివారం పరమాన్నం. డిప్పకి నూనె రాసి, గట్టుగట్టుకీ కుంకం బొట్లు. ఇంట్లో సామి ఉన్నాడని చేపలు బంద్. మా ఇంటాయన ఎండుచేపల వాసన వచ్చిన ప్రతి గుమ్మం ముందూ ఆగి కబుర్లు పెట్టుకునేవాడు.

తాబేలు మాత్రం ఏదీ ముట్టలేదు. వెనకకాళ్ళ మీద నిలబడి, మెడ పైకి చాచి, బేసిన్ అంచు పట్టుకోవాలని చూసేది. జారేది. మళ్ళీ లేచేది. అత్తకి అది దర్శనం ఇస్తున్నట్టు ఉండేది. నాకైతే నూతిలో పడిన మేక గుర్తొచ్చేది. కొన్నాళ్ళకి లేవడం కూడా మానేసింది. కళ్ళు వాచి మూసుకుపోయాయి.

నాకు మాట దాచుకోవడం రాదు. "అత్తా, సామైతే సామే గానీ ఒళ్ళు తాబేలుదే గదా. ఇలగయితే సచ్చిపోద్ది," అన్నాను.

"నీ నోట్లో మన్నుపడ. సామి ద్యానంలో ఉన్నాడు."

"ద్యానంలో కళ్ళు వాత్తాయేటి?"

ఆవిడ ఆ పూట అన్నం కూడా తినలేదు. అప్పుడు తెలిసింది నాకు, భయం నాకంటే ఆవిడకే ఎక్కువ. వెతుక్కుంటూ వచ్చిన సామి తన చేతుల్లో పోతే, ఇక ఏ దేవుడికి దణ్ణం పెడుతుంది?

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. వచ్చినా మా క్వార్టర్లలో తాబేళ్ళ పుస్తకం ఎవడిస్తాడు? దాన్ని చూసి నేర్చుకోవాల్సిందే.

ఒక పొద్దున పూజమూల కడగాలని దాన్ని తీసి పెరట్లో దింపాను. అప్పుడే వాన వెలిసింది. తడిమట్టి తగలగానే కాళ్ళు బయటికొచ్చాయి. ఎదురుగా గుంటలో నీళ్ళున్నాయి, అటు పోలేదు. బొప్పాయి చెట్టు కింద కుళ్ళిన ఆకుల్లోకి తలదూర్చి, ముందుకాళ్ళతో తవ్వుకుని, ముక్కు మాత్రం బయట పెట్టుకుని కూర్చుంది. ఒక కన్ను సన్నగా విడింది. ఇంతలో పక్కనే వానపాము కదిలింది. టక్కుమని పట్టుకుంది! పాపం, ఎన్నాళ్ళ ఆకలో, కాలితో తొక్కిపట్టి లాగిలాగి తింది.

వెనక్కి తిరిగితే పాల గ్లాసు పట్టుకుని గుమ్మంలో అత్త.

"ఏటి తింటన్నాడు?"

"వానపాము."

"తినీసినాడా?"

"తోక్కూడా ఒగ్గలేదు."

నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ మెల్లగా గుమ్మంలో కూలబడింది. "అయితే ఇన్నాళ్ళూ పస్తున్నాడే. నానే పస్తు పెట్టీసినాను," అని కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజే డిప్ప మీది నూనె, కుంకం తడిగుడ్డతో తుడిచాం. మా ఇంటాయన బొప్పాయి కింద చుట్టూ ఇటుకలు పేర్చాడు. తవ్వుకుని పారిపోకుండా మట్టిలోపలికి కూడా ఒక వరస దించాడు. సగం ఎండ, సగం నీడ. ఎండుటాకులు, దాక్కోడానికి బోర్లించిన సగం కుండ. నీళ్ళు లోతులేని పళ్ళెంలో, దాని గడ్డం మునగనంత. అందులోనే పాడుచేసుకునేది గనక రోజూ మార్చాలి. కళ్ళకి గోరువెచ్చని నీళ్ళు మెత్తటి గుడ్డతో అద్దేదాన్ని. రెండో కన్ను చాలా రోజులు తెరవలేదు. అత్త పొద్దున్నే లేచి నాకంటే ముందు అక్కడికి వెళ్ళేది. ఊపిరుందో లేదో చూసేది.

తెరిచింది చివరికి. పండిన బొప్పాయి ముక్క పెడితే మూతంతా పూసుకుని తింది. అది చూసి అత్త చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అప్పట్నించీ పురుగుల పని ఆవిడే పుచ్చుకుంది. స్నానానికి ముందు పుల్లతో మట్టి గెలకడం, మొహం పక్కకి తిప్పుకుని వానపాముని జారవిడవడం, తర్వాత సబ్బుతో చేతులు రుద్దుకుని, స్నానం చేసి దీపం పెట్టడం.

ఒకరోజు పక్క క్వార్టర్ బీహారీ ఆవిడ గోడ మీంచి చూసి, "అరే మాతాజీ, భగవాన్ కో బాహర్ నికాల్ దియా?" అని ఎత్తిపొడిచింది, దేవుణ్ణి బయటికి గెంటేశారా అని.

మా అత్త చేతి మట్టి దులుపుకుంటూ, తనకొచ్చిన హిందీలో అంది: "ఆప్‌కా భగవాన్ ఫొటోలో హై, ఏటీ నై మాంగ్తా. హమారావాడికి ఆకలి లగ్తా హై."

నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నా వైపు తిరిగింది.

"నువ్వేటి నవ్వుతావు? ఆ నీళ్ళతొట్టి కింద నత్తలుంటాయి, సామికి సూడు. బేగి."