చిన్నమ్మ పాస్‌పోర్టులో ముద్ర

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడినప్పుడు నేను ఆరో తరగతి. మా ఊరు రఘునాథపల్లి. ఇంట్లో ఖాళీగా తిరుగుతున్నానని అమ్మ నన్ను జనగామలో ఉన్న చిన్నమ్మ దగ్గరికి పంపింది. ఆమె అమ్మకు సొంత చెల్లెలు, సర్కారు దవాఖానలో నర్సు.

చుట్టాలలో ఆమె గురించి మంచిగా మాట్లాడినవాళ్లు తక్కువ. పిల్లలు కాలేదని పెళ్లయిన నాలుగేళ్లకే అత్తవారు ఆమెను జఫర్‌గఢ్‌లో పుట్టింటికి పంపేశారు. భర్త ఏడాది తిరగకుండా మరో పెళ్లి చేసుకున్నాడు. భూములున్న ఇంట్లో పుట్టి పరాయి మగవాళ్ల పుండ్లు కడుగుతోందని అందరూ ముక్కు విరిచేవారు. ఆమె మాత్రం నర్సు చదువు పూర్తిచేసి, ఉద్యోగం తెచ్చుకుని, దవాఖాన వెనక ఒక గదిలో ఒంటరిగా ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం లాఠీ దెబ్బలు తిన్న కాలేజీ విద్యార్థులను నలుగురైదుగురిని రిక్షాల్లో తీసుకొచ్చారు. నేను భయపడి తలుపు వెనక దాక్కున్నాను. చిన్నమ్మ ఒకతని నెత్తిన గాయం కడుగుతూ, "జర ఓపిక పట్టు తమ్మీ, అయిపోయింది, అయిపోయింది" అంటోంది. ఆమె చేతులు ఎంత స్థిరంగా ఉన్నాయో! పుట్టింట్లో తల వంచుకుని తిరిగే మనిషేనా అనిపించింది.

ఆ దవాఖానలో పెద్ద నర్సు ఒక మలయాళీ ఆమె. ఆమె చెల్లెలు ఇంగ్లండులో నర్సుగా పనిచేసేది. అక్కడ నర్సులు కావాలంటున్నారని చెప్పి, అర్జీ రాయడం దగ్గర్నుంచి ఇంగ్లీషులో జవాబు చెప్పడం దాకా చిన్నమ్మకు ఆ పెద్ద నర్సే నేర్పింది. మూడేళ్ల తర్వాత పని అనుమతి కాగితం వచ్చింది.

అమ్మమ్మ ఏడ్చింది. "ఎందుకు బిడ్డా ఆ దేశం? ఆడ మనోళ్లెవరున్నరు?"

"ఈడ ఎవరున్నరవ్వా?" అంది చిన్నమ్మ. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు.

మొదటి నాలుగేళ్లు ఆమె ఉత్తరాలన్నీ గడువు గురించే. ఏడాదికోసారి పాస్‌పోర్టు అక్కడి సర్కారుకు పంపి, ఉండటానికి గడువు పొడిగించుకోవాలి. ఆ ఉద్యోగం పోతే దేశం వదిలి రావాలి. ఒంట్లో బాగాలేని రోజు కూడా సెలవు పెట్టేది కాదట.

అయిదో ఏడు ఎండాకాలంలో ఆమె సెలవు మీద వచ్చింది. అప్పటికి నేను డిగ్రీ చదువుతున్నాను. జఫర్‌గఢ్ ఇంట్లో వసారా నిండా చుట్టాలు. చిన్నమ్మ పాస్‌పోర్టు తీసి ఒక పేజీ తెరిచి నా చేతిలో పెట్టింది. "చదువు. మా అవ్వకు సమజయ్యేటట్టు చెప్పు."

ఒక ముద్ర, దాని కింద ఎవరిదో సంతకం. ఇంగ్లీషులో ఉన్న ఆ ఒక్క వాక్యాన్ని తెలుగు చేసి చెప్పాను: ఆ దేశంలో ఈమె ఉండటానికి పెట్టిన గడువును తొలగించారు.

అమ్మమ్మ ముఖం పాలిపోయింది. "తొలగిచ్చిండ్రా? ఆడకెల్లి గూడ ఎల్లగొట్టిండ్రా బిడ్డా?"

చిన్నమ్మ నవ్వబోయి ఆగిపోయింది. తల్లి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. "కాదవ్వా. గడువు తీసేసిండ్రు. ఇగ నన్ను ఎవ్వరూ పొమ్మనరు. కొలువున్నా, లేకున్నా, ఆడ ఉండొచ్చు."

"సచ్చేదాంక?"

"సచ్చేదాంక."

అమ్మమ్మ ఆ ముద్రను వేలితో తడిమింది. ఒక ఇంట్లో నాలుగేళ్లకు మించి చోటు దొరకని మనిషికి, ముక్కూ ముఖం తెలియని ఒక దేశం బతికినంత కాలం ఉండమని రాసిచ్చింది.

మూడో రోజు పొద్దున ఆమె భర్త వచ్చాడు. వెంట ఒక పెద్దమనిషి, వెనకగా రెండో భార్య, ఆమె ఏడేళ్ల కూతురు. పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "కోర్టుల ఇడుపు కాయితం కాలే బిడ్డా. లెక్కకు ఇంక నువ్వే పెండ్లానివి. నువ్వు అర్జీ పెడితే ఈయనకు గూడ ఆడ ఉండనిస్తరట. మొగుడు అడుగుతుండు, కాదనకు."

చిన్నమ్మ పెద్దమనిషి వైపు తిరిగింది. "ఆ అర్జీల ఒక మాట అడుగుతరు మామా. మొగుడు పెండ్లాలు కలిసి బతుకుతున్నరా అని. సంతకం పెట్టాల్సింది నేను. ఏమని రాయాలె?"

"కలిసే ఉన్నమని రాయి. గంత దూరంల ఎవరికెరుక?" అన్నాడు భర్త.

"నాకెరుకే గద."

ఇదే వసారాలో ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందట ఈమె, ఆయన రెండో పెళ్లి కబురు విన్న రోజు. ఇప్పుడు గొంతు కూడా పెంచలేదు. ఆయన వైపు చూడటం మానేసి, వాకిట్లో గోడ పక్కన నిలబడ్డ రెండో భార్యను పిలిచింది.

"లోపలికి రా చెల్లె. ఎండల ఎందుకు నిలబడ్డవ్? ఈయన పోతే నీకు ఇష్టమేనా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్ను ఎవరడిగిండ్రక్కా?" అంటూనే ఏడ్చేసింది. చిన్నమ్మ ఆమెకు మంచినీళ్లిచ్చి, ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుంది. "దీన్ని బడి మాన్పియ్యకు. పదో తరగతి పాసైనంక నాకు జాబు రాయి."

ఆయన లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ ఆ గడప తొక్కలేదు.

రెండో భార్య నిజంగానే జాబు రాయించింది. చిన్నమ్మ చదివించగా ఆ పిల్ల నర్సయి, ఎనభైలు ముగిసేలోపే మహబూబాబాద్ దవాఖానలో చేరింది. నేను కూడా అదే ఊళ్లో టీచరుగా ఉండేదాన్ని. ఒకసారి జ్వరంతో వెళితే నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. మా మాటల్లో చిన్నమ్మ ప్రస్తావన విని, ఆమెకు నువ్వేమవుతావని పక్కనున్న నర్సు ఆ పిల్లను అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "బిడ్డను" అంది.