వాయిదా అడిగిన ఎమ్మెల్యే

వేసవి సెలవులయ్యాక నల్లకోటు బయటకు తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. నాకది శంకరయ్య సార్ వాసన. ధర్మపురిలో పుట్టి, కరీంనగర్‌లో పేరున్న వకీలై, తర్వాత ఎమ్మెల్యే అయిన ఆయన దగ్గరే నేను జూనియర్‌గా చేరాను. గెలిచాక కూడా కోటును ఉండలేసి భద్రంగా దాచుకున్నారు. "రాజకీయాలను నమ్మలేం బిడ్డా" అనేవారు.

భూమి కేసు వస్తే చేను చూడనిదే ఆయన వకాలత్ మీద సంతకం పెట్టేవారు కాదు. ఉట్నూరు దగ్గరి గోండు రైతు భీంబాయి వచ్చినప్పుడు నన్నూ వెంటబెట్టుకుని జీపెక్కారు. ఆమె చేనును కరీంనగర్ వ్యాపారి ఒకాయన ఆక్రమించి పత్తి వేస్తున్నాడు. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోవడం చట్టప్రకారం చెల్లదు. సార్ చేనంతా తిరిగి, గట్టు మీద కూర్చుని, "ఫికర్ చెయ్యకమ్మా, నీ చేను నీకొస్తది" అన్నారు.

కేసు నడుస్తుండగానే ఎన్నికలొచ్చాయి. సార్ ప్రచారానికి జీపులు పెట్టింది ఆ వ్యాపారే. సార్ గెలిచారు. అసెంబ్లీలో మొదటిసారి లేచి స్పీకర్‌ను "మై లార్డ్" అన్నారట. మేము ఆటపట్టిస్తే మాకంటే గట్టిగా ఆయనే నవ్వారు. దండలంటే మాత్రం పడి చచ్చేవారు, మెడ నిండినా వద్దనేవారు కాదు.

ఒక పొద్దున నేనుండగానే వ్యాపారి సార్ ఇంటికొచ్చాడు. "కేసు ఇడిచిపెట్టుమంటలేను సార్. పత్తి ఏరుకునేదాక జర వాయిదా తీసుకోండ్రి, గంతే."

ఉట్నూరులో విచారణ రోజు సార్ లేచి, అసెంబ్లీ పనులున్నాయని వాయిదా అడిగారు. నాకు ఒళ్లు మండింది. బయట వెంట వచ్చిన కార్యకర్తలు ఆయనకు దండలు వేస్తుంటే భీంబాయి వాళ్లను తోసుకుంటూ వచ్చింది.

"నువ్వు గెలిస్తే నా చేను జల్ది వస్తదనుకున్న సారూ. వకీలుగ ఉన్నప్పుడే మంచిగుంటివి."

తిరుగు దారిలో సార్ నా వైపు తిరిగారు. "తప్పు జేసిన బిడ్డా."

"అవును సార్" అన్నాను.

తర్వాతి విచారణకు కార్యకర్తలెవరూ లేకుండా వచ్చి వాదించారు. ఆయన అంత బాగా వాదించడం నేను మళ్లీ చూడలేదు. చేను భీంబాయికి దక్కింది. వ్యాపారి నేరుగా పార్టీ పెద్దల దగ్గరికి పోయాడు, మరుసటి ఎన్నికల్లో టికెట్ ఇంకొకరికి పోయింది. సార్ దాన్ని తేలిగ్గా తీసుకున్నారని చెప్పను. మా ముందే ఏడ్చారు. ఆ తర్వాత మళ్లీ కోర్టుకు రావడం మొదలుపెట్టారు, పోయేదాకా వకీలుగానే ఉన్నారు.

ఇప్పుడు నాకూ ఫోన్లు వస్తాయి. "ఒక్క వాయిదానే కదా మేడం, ఏం పోతది?" అంటారు. ఏం పోతుందో నాకు తెలుసు. సార్ అడిగిన ఆ ఒక్క వాయిదాకు భీంబాయి చేనులోని పత్తి బండ్లకెక్కి వ్యాపారి ఇంటికి పోయింది. కేసు గెలిచినా ఆ పంట ఆమెకు తిరిగి రాలేదు.