లైటుకి నాలుగు చీటీలు

ఇంగ్లీషుకీ నాకూ పదో తరగతి నుంచీ పడదు. అందులోనే తప్పాను. అలాంటిదాన్ని, బహ్రెయిన్ వచ్చి రిఫాలో ఒక ఫిన్లాండు వాళ్ళింట్లో పనికి కుదిరాక, వాళ్ళ ఏడేళ్ళ పిల్ల చేత ఇంగ్లీషు పాఠాలు చదివించాల్సొచ్చింది. మేమిద్దరం దొందూ దొందే.

ఆ పిల్ల ఇంట్లో వాళ్ళ భాషలో వసపిట్ట. ఇంగ్లీషు బడికి వెళ్తే మాత్రం మూడు నెలలుగా ఒక్క మాట లేదు. టర్ము చివరికి కూడా నోరు విప్పకపోతే తల్లీపిల్లా తిరిగి ఫిన్లాండు వెళ్ళిపోవాలని తండ్రి తేల్చేశాడు. వాళ్ళు వెళ్తే నా పనీ వీసా పోతాయి. కానీ నిజం చెప్పనా, నన్ను 'పిన్నీ' అని పిలిచే ఆ గొంతు పోతుందనే నాకు ఎక్కువ బెంగ.

పిల్ల తల్లి, మా మేడం, వారానికో ఇంగ్లీషు మాట తీసుకుని, దాని అర్థాలన్నీ వాళ్ళ భాషలో చీటీల మీద రాసి ఇల్లంతా అంటించేది. ఆ వారం 'లైట్'. స్విచ్చు పక్కన 'వాలో', అంటే వెలుతురు. దూది దిండు మీద 'కెవ్యుత్', అంటే తేలిక. లేత పసుపు కర్టెనుకి 'వాలేయా', అంటే లేత రంగు. నాలుగోది వెలిగించడమట, 'స్యుత్యుత్తా'. పలకబోతే నాలుక మడతపడింది. పిల్ల పకపకా నవ్వింది. మనకీ నాలుగింటికీ నాలుగు మాటలున్నాయి కదా, ఇంగ్లీషువాడే పిసినారి, ఒక్కదానితో సరిపెట్టుకున్నాడు.

ఆ నాలుగో చీటీ ఎక్కడ అంటించాలో మేడంకి తోచక నా చేతిలో పెట్టింది. నా గదిలో దేవుడి పటం ముందు, అగ్గిపెట్టె మీద అంటించాను. సాయంత్రం పిల్ల నా చెయ్యి పట్టుకుని దీపం వెలిగించింది. వెంటనే బుగ్గలు పూరించింది, ఊదెయ్యడానికి. వాళ్ళింట్లో కొవ్వొత్తి అలాగే ఆర్పుతారు. మా ఇంట్లో దీపాన్ని నోటితో ఊదితే వీపు విమానం మోత మోగేది. నేనింకేం ఆలోచించలేదు, గబుక్కున దాని నోరు మూసేశాను.

పిల్ల కళ్ళనిండా నీళ్ళు. ఇంటిల్లిపాదీ ఏ నోరు తెరిపించాలని నానా పాట్లూ పడుతున్నారో, ఆ నోరే మూశాను. తల్లికి చెప్పిందా, నా పని ఖలాస్.

పక్కన కూలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో బతిమాలుకున్నాను. దీపాన్ని ఊదకూడదు తల్లీ, నూనె అయిపోయాక తనే వెళ్తుంది. ఆరిపోయిందని కూడా అనం, కొండెక్కిందంటాం. "లైట్ గో హిల్," అన్నాను.

పిల్ల ముక్కు తుడుచుకుంది. "విచ్ హిల్, పిన్నీ?"

నాతో ఇంగ్లీషులో అడగడం అదే మొదలు. రిఫాలో ఏ కొండ చూపించను? ఈ దేశం మొత్తానికి ఉన్నది దక్షిణాన ఒక్క బుల్లి గుట్ట. కిటికీలోంచి అటే చెయ్యి చూపించాను. దీపానికి కాళ్ళుంటాయా, మళ్ళీ దిగొస్తుందా అని ఒకటే ప్రశ్నలు. రేపు సాయంత్రం దిగొస్తుందని చెప్పాను. దీపం కొండెక్కేదాకా ఇద్దరం కదల్లేదు.

వారం తిరక్కుండానే, బడి నుంచి పిల్లని తీసుకొచ్చిన డ్రైవరు, జగిత్యాల తమ్ముడు, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, మన పిల్ల ఇయ్యాల క్లాసుల లేచి మాట్లాడిందట. టీచరమ్మ గేటు కాడికొచ్చి మరీ చెప్పింది. ఏందో దీపమంట, కొండంట. నాకైతే సమజ్ కాలే."

నాకు అయింది. పొయ్యి కట్టేసి, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చాను.

ఆ సాయంత్రం మేడం మొదటిసారి నా గదికొచ్చి కింద కూర్చుంది. ఫిన్లాండు ప్రయాణం మానుకున్నామంది. దీపం వైపు చూస్తూ, ఇంతకీ అది ఏ కొండ అని నన్నడిగింది.

నేను జవాబు వెతుక్కునేలోపే పిల్ల కిటికీ దగ్గరికి పరిగెత్తి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది, ఆగకుండా, తప్పులతో సహా. ఈసారి నోరు మూసుకుని కూర్చున్నది నేను.