వెనక నుంచి పిలిచిన పేరు

పోయిన వారం మెల్‌బోర్న్ శివార్లలో, పాయింట్ కుక్‌లో మా ఇంటి దగ్గరి క్లినిక్‌లో కూర్చుని ఉండగా నర్సు బయటికొచ్చి ఒక పేరు పిలిచింది. ఎవరో పాపం చెవులు వినపడని మనిషి అనుకుంటూ నేనూ అందరితోపాటు అటూ ఇటూ చూశాను. రెండోసారి పిలిచాక మా అమ్మాయి మోచేత్తో పొడిచి, "అమ్మా, దట్స్ యూ! లే" అంది. అది నా సర్టిఫికెట్ పేరు. ఇంట్లో గానీ చర్చిలో గానీ నన్నెవరూ అలా పిలవరు. మా రేపల్లె వైపు నా ఈడు క్రైస్తవులకు ఈ రెండు పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. చర్చి పేరు బడి రికార్డుల్లోకి ఎక్కితే ఎస్సీ స్కాలర్‌షిప్పు పోతుందని పెద్దల భయం, అందుకని బడికొక పేరు, బాప్తిస్మానికొక పేరు. దారి పొడుగునా మా అమ్మాయి నవ్వుతూనే ఉంది, నా మనసు మాత్రం ఇదే మెల్‌బోర్న్‌లో నేను టీచర్ ట్రైనింగ్ చదివిన రోజుల్లోని ఇంటావిడ దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పట్లో ఈ ఊళ్లో తెలుగు మాట వినాలంటే నాలో నేనే మాట్లాడుకోవాలి. యూనివర్సిటీకి ట్రామ్ దొరికే వీధిలో, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీ అని పిలిస్తే, నీకు నేనెలా ఆంటీనయ్యానని మొదట్లో విసుక్కుంది, తర్వాత ఇంకోలా పిలిస్తే పలికేది కాదు. వేడినీళ్లన్నీ నేనే వాడేస్తున్నానని రోజూ సణిగేది. ఒకరోజు భోజనానికి ముందు అలవాటుగా కళ్లు మూసుకుని పరలోక ప్రార్థన చేసుకుంటుంటే, ఏమిటది అని అడిగింది. చెప్పాను. వెంటనే ఆవిడ ఆ ప్రార్థన మొత్తం పోలిష్ భాషలో, చెంచా చేత్తో పట్టుకునే, ఎక్కడా తడబడకుండా గడగడా చెప్పేసింది.

ఇంకేముంది, ఈవిడ విశ్వాసంలో చల్లారిపోయిన క్రైస్తవురాలని నేను తేల్చేసుకున్నాను. మా వాళ్లకుండే ఆత్మల భారం నాకూ తక్కువేం లేదు కనుక, ఆదివారం వస్తే చాలు, చర్చికి రమ్మని ప్రాణం తీసేదాన్ని. చివరికి ఒకనాడు ఓపిక నశించి, తాను యూదురాలినని చెప్పింది. నేను నోరు తెరిచాను. యూదులంటే నాకు తెలిసింది సండే స్కూల్లోని అబ్రాహాము, దావీదు. వాళ్ల మనుషులొకరు నా ఎదురుగా కూర్చుని బంగాళాదుంప సూపు తింటారని నేనెన్నడూ అనుకోలేదు. మరి ఆ ప్రార్థన ఎలా వచ్చు? అడగకుండా ఉండగలిగే మనిషినా నేను!

ఆవిడ అప్పటికప్పుడు చెప్పలేదు. దుంపలు చెక్కు తీస్తూ కొంత, బట్టలు ఆరేస్తూ కొంత చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్‌లో జర్మన్లు యూదుల్ని పట్టుకుపోతుంటే, వాళ్లమ్మ ఈవిడను చిన్నపిల్లగా ఒక పల్లెటూరి రైతు ఇల్లాలికి అప్పగించి, తాను వేరేచోట దాక్కుందట. ఆ ఇల్లాలు, చచ్చిపోయిన మా చెల్లెలి కూతురని ఊళ్లో చెప్పి, కొత్త పేరు పెట్టి, ప్రార్థనలన్నీ నేర్పిందట.

ఒక సాయంత్రం నా క్లాస్‌మేట్ గేటు దగ్గరికొచ్చి నా సర్టిఫికెట్ పేరుతో అడిగితే, అలాంటివాళ్లు ఇక్కడ లేరని ఆంటీ పంపించేసింది. నేను తలపట్టుకుని నా రెండు పేర్ల కథ చెప్పాను. నవ్వుతుందనుకుంటే నవ్వలేదు.

"వెనక నుంచి పిలిస్తే ఏ పేరుకి తిరుగుతావు?" అంది.

నేను ఎన్నడూ ఆలోచించని ప్రశ్న అది. ఆవిడకు అదే చదువట. పొలంలో పని చేసుకుంటుంటే ఆ ఇల్లాలు చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చి అసలు పేరుతో పిలిచేదట. తిరిగితే తిట్లు, మళ్లీ మొదటికి. నిద్రమత్తులో పిలిచినా తిరక్కుండా ఉండేంత వరకూ వదల్లేదట. ఒకసారి సైనికులు వచ్చి, వీళ్ల పాత ఊరివాడొకడి చేత ఆ అసలు పేరుతో పిలిపించారు. ఈవిడ కోళ్లకు గింజలు చల్లుతూనే ఉంది. అలా బతికింది.

యుద్ధం అయ్యాక ఒక రోజు గేటు దగ్గర నుంచి ఎవరో ఆ పేరుతో పిలిచారు. పిల్ల తిరగలేదు. మళ్లీ పిలిచారు, తిరగలేదు. ఆ ఇల్లాలే పరుగెత్తుకొచ్చి, భుజాలు పట్టుకుని తిప్పితే, ఎదురుగా వాళ్లమ్మ. ఆ తర్వాత ఆ తల్లి బతికినన్నాళ్లూ కూతుర్ని ఆ పేరుతో పిలవలేదట; ఆస్ట్రేలియా వచ్చినా పల్లెటూరి పేరే ఖాయమైంది. మా రేపల్లె భయానికీ ఆ భయానికీ పోలికే లేదు గానీ, వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే ఆ పేరేమిటని అడిగాను. నా కుతూహలం అలాంటిది. కొన్నాళ్లకు ఆవిడ పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ, మెల్లగా పేరు చెప్పి, నాకు వీపు పెట్టి నిలబడి, పిలవమంది. పిలిచాను. తిరగలేదు. చేతిలో బట్టల క్లిప్పు అలాగే ఉంది. తప్పు చేశానేమో అనుకున్నాను.

"అలా కాదు," అంది అటు తిరిగే. "మా అమ్మ చివర సాగదీసేది."

మా వీధిలో అమ్మలు చీకటి పడుతుంటే పిల్లల్ని గడపలో నుంచుని కేకేసినట్టు, చివర సాగదీసి పిలిచాను. అప్పుడు తిరిగింది. నన్ను కాదు, నా భుజం మీదుగా గేటు వైపు చూసింది.

ఆంటీ పోయి చాలా ఏళ్లయింది. ఆ వీధిలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి, ఎవరికీ పెరడు లేదు. మా మనవలకు బడిలో, ఇంట్లో, చర్చిలో ఒకటే పేరు, ఎవరు ఎటు నుంచి పిలిచినా "వాట్?" అంటూ విసుగ్గా తిరుగుతారు. ఆ విసుగుకు ఒకప్పుడు కోపం వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్లు నేను కాక ఇంకెవరైనా మిగిలారో లేదో. ఇక్కడ రాద్దామని కూర్చున్నాను గానీ చేయి రాలేదు. పిలిస్తే తిరిగే మనిషి లేకపోయాక ఆ పేరు ఎవరికని చెప్పను?