పేపర్లో పుట్టిన మూడో పేషెంటు

శవాలు కోసి డాక్టరునైనదాన్ని. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. అందుకే ఈ సంగతిని ఏమనాలో తెలియడం లేదు.

తొంభైల చివర్లో విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జూనియర్‌గా చేరాను. మా సర్జన్ గారు కాన్ఫరెన్సులో చదవడానికి ఒక పేపరు రాస్తున్నారు. చేపముల్లు గుచ్చుకుని చెయ్యి కుళ్ళిన కేసుల మీద. ఆయన దగ్గర ఉన్నవి రెండే కేసులు.

"రెండైతే ఎవరు పట్టించుకుంటారమ్మా? మూడోది మనమే రాసేద్దాం," అన్నారు టీ తాగుతూ.

అక్కడికక్కడే ఒక మనిషిని పుట్టించారు. యాభై ఏళ్ళావిడ, చేపలమ్ముకుంటుంది. కుడిచేతికి జెల్లచేప ముల్లు దిగింది. చూపుడువేలు చిన్నప్పుడే సగం తెగిపోయింది. మెడ మీద కాలిన మచ్చ.

"మచ్చ ఎందుకు సార్?" అన్నాను.

"నిజంలా ఉండొద్దూ?" అని నవ్వి, ఆవిణ్ణి చంపేశారు కూడా. చావు ఉంటే పేపరుకి బరువట.

నా పేరు వెయ్యొద్దని చెప్పేశాను.

ఆ వారంలోనే, పట్టపగలు, ఓపీలో ఒకావిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పేరు నాగమ్మ, బందరు దగ్గర పల్లెపాలెం. కుడిచెయ్యి నల్లగా ఉబ్బి చీము కారుతోంది. చూపుడువేలు సగమే ఉంది. చెంగు జారితే మెడ మీద మచ్చ కనిపించింది.

"మిమ్మల్ని ఇక్కడికి ఎవరు పంపారమ్మా?"

"ఈ చెయ్యి గురించి మీ పెద్ద డాక్టరు గారు రాసుకున్నారంట కదండీ."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పారండీ. గుర్తు రావట్లేదు."

ఆ పేపరు సంగతి అప్పటికి మా ఇద్దరికే తెలుసు.

సర్జన్ గారిని పిలిచాను. ఆ మచ్చ చూసి, ఆయన వంగి సగం వేలు కూడా చూశారు. తర్వాత, "కెమెరా తెప్పించు," అన్నారు. ఆవిడ మూలుగుతూనే ఉంది, ఆ చేతిని వెలుతురుకి అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీయించారు. చీము వాసన కంటే ఆయన మొహంలో సంతోషమే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

పట్టుబట్టి ఆ పూటే ఆపరేషన్ చేయించాను. రాసిందే జరుగుతుందేమోనన్న భయంతో రోజూ నేనే కట్టు మార్చాను. నాగమ్మ బతికింది. చెయ్యి కూడా దక్కింది.

"ఆవిడ బతికింది సార్. పేపరు మార్చండి."

"మంచిదే కదమ్మా. పేపర్లో మాత్రం అలాగే ఉండనీ."

కాన్ఫరెన్సులో ఆవిడ చెయ్యి తెరమీద చూపించి, చనిపోయిందని చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి బయటికొచ్చేశాను. ఆ ఉద్యోగం మానేశాను.

మానేసేముందు సార్‌ని అడిగాను, నాగమ్మని అంతకుముందు ఎక్కడైనా చూశారా అని. లేదన్నారు. ఆయన అబద్ధాల మనిషే, చూసే ఉంటారు, ఆ వేలూ మచ్చా గుర్తుండి రాశారనుకుందాం. మరి ఎదురుగా చూసి కూడా ఆయన్ని గుర్తుపట్టని ఆవిడకి ఆ మాట చెప్పిందెవరు? ఇన్నేళ్ళైనా నాకు అంతుపట్టలేదు.